ఇంటిలో తిరుగాడే ప్రాణి

"హజ్రత్! ఈ బకెట్టులో పిల్లి మూతి పెట్టింది. ఈ నీళ్ళతో వుజూ అవుతుందా?"

డిసెంబరు చలిలో, ఫజర్ అజాన్‌కు ముందు, పెద్దపంజాణి ప్రాంతమంతా ఇంకా మంచులో మునిగి ఉన్న వేళ ఒక చిన్న విద్యార్థి మమ్మల్ని ఈ ప్రశ్న అడిగాడు. వణుకుతూనే అడిగాడు. నీళ్ళు పారబోస్తే మళ్ళీ కుళాయి దగ్గర నిలబడవలసి వస్తుందని వాడి దిగులు.

హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఇంట ఒకనాడు ఇదే సందేహం తలెత్తింది. ఆయన కోడలు కబ్షా ఆయన వుజూ కోసం పాత్రలో నీళ్ళు పోసి ఉంచింది. అంతలో ఒక పిల్లి వచ్చింది. ఆయన దాన్ని తరమలేదు, పైగా అది సులువుగా తాగేలా పాత్రను వంచి పట్టుకున్నారు. కోడలు వింతగా చూస్తుంటే, పిల్లి అశుద్ధ జీవి కాదనీ, అది మీ మధ్య తిరుగాడే ప్రాణుల్లో ఒకటనీ దైవప్రవక్త (సఅసం) చెప్పారని వివరించారు. ఈ ఉల్లేఖనం అబూ దావూద్, తిర్మిజీ, నసాయీ, ఇబ్నె మాజా గ్రంథాలలోనూ, ఇమామ్ మాలిక్ (రహ్మ) గారి మువత్తాలోనూ ఉంది. 'తిరుగాడే' అనే ఆ మాటను గమనించండి. దివ్య ఖుర్ఆన్ అన్నూర్ సూరా 58వ వాక్యంలో ఇంటి సేవకులు, పసిపిల్లల రాకపోకల గురించి చెప్పేటప్పుడు వాడింది కూడా ఈ మాటనే. ఇంటిలోపలికి వచ్చే ప్రతి అడుగుకూ అనుమతి అడగలేని వారి వరుసలో పిల్లికీ చోటు దొరికిందన్నమాట.

మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ మస్లక్ ప్రకారం వేరే నీళ్ళు దొరికేటప్పుడు పిల్లి ఎంగిలి నీటిని వాడటం స్వల్పంగా అయిష్టకరం, దొరకనప్పుడు ఆ అయిష్టత కూడా లేదు. తక్కిన ముగ్గురు ఇమాములు అది పూర్తిగా పరిశుద్ధమేనన్నారు. ఎలుకను తిన్న మూతితో వెంటనే నీటిలో నోరు పెడితే మాత్రం ఆ నీరు పనికిరాదు. కుళాయి ఉన్నది గనుక వేరే నీళ్ళు పట్టుకొమ్మని విద్యార్థితో చెప్పి, ఆ బకెట్టు నీళ్ళను జామచెట్టుకు పోయించాము. వాడి ముఖం చిన్నబోయిందన్నది వేరే సంగతి.

అసలు ఆ పిల్లిని మదరసాకు ఎవరూ తేలేదు. అదే వచ్చింది. మా చుట్టుపట్ల వేరుశనగ, రాగి, టమోటా పండుతాయి; మల్బరీ తోటలూ, పట్టుపురుగుల షెడ్లూ ఉన్నాయి. పురుగులను, గూళ్ళను సైతం ఎలుకలు వదలవని రైతులు మొరపెట్టుకుంటారు. మా గిడ్డంగిలోనూ బియ్యపు మూటలకు రంధ్రాలు పడేవి. అంతకంటె బాధ కలిగించినది గ్రంథాలయం. బైండింగు జిగురు రుచికి ఎలుకలు పాత కితాబుల వెన్నులు కొరికివేసేవి. పిల్లి చేరిన రెండు నెలలకే రాత్రిపూట అల్మారాల వెనుక ఆ చప్పుడు ఆగిపోయింది. మనిషికీ పిల్లికీ నడుమ ఒడంబడిక ధాన్యపు గాదెల దగ్గరే కుదిరిందని పరిశోధకులు చెబుతారు. సైప్రస్ ద్వీపంలో మనిషి పక్కనే పిల్లిని పాతిన సమాధి ఒకటి బయటపడింది. దాని వయస్సు సుమారు 9,500 సంవత్సరాలు.

మరొక మేలును మేము ఊహించలేదు. కుప్పం వైపు నుండి వచ్చి చేరిన తొమ్మిదేళ్ళ బాలుడు రాత్రిళ్ళు తల్లి కోసం ఏడ్చేవాడు. మా ఓదార్పు పనిచేయలేదు. పిల్లి వాడి దుప్పటి అంచున పడుకోవడం మొదలుపెట్టిన వారానికి ఏడుపు మానాడు. 5,374 హదీసులు ఉల్లేఖించిన మహనీయులను లోకం అబూ హురైరా (రజి) అనే పిలుస్తుంది, అంటే పిల్లికూనవారని. గొర్రెలు కాసే రోజుల్లో ఒక పిల్లికూనను రాత్రి చెట్టు మీద ఉంచి, పగలు వెంట తీసుకువెళ్ళి ఆడుకునేవారట.

ఇక్కడ ఒక మాట. ప్రవక్త (సఅసం) గారికి ముఅజ్జా అనే పిల్లి ఉండేదని, అది నిద్రపోతుంటే అంగీ చేతిని కత్తిరించుకున్నారని వాట్సాప్‌లో తిరిగే కథకు హదీసు గ్రంథాలలో ఆధారం లేదు. అలాంటి సంఘటన షేఖ్ అహ్మద్ రిఫాయీ (రహ్మ) జీవితచరిత్రలో కనిపిస్తుంది. పిల్లిని ప్రేమించడం విశ్వాసంలో భాగమనే మాట కూడా కల్పితమేనని ముల్లా అలీ ఖారీ తేల్చారు. నిజమైన ఉల్లేఖనాలే ఇన్ని ఉండగా కల్పితాలు మనకెందుకు? పిల్లి ఎదురైతే అపశకునమని ప్రయాణం ఆపుకునే ముస్లిం ఇళ్ళు కూడా మా ఊళ్ళలో ఉన్నాయి. శకునాలకు ఇస్లాంలో తావు లేదు.

ఇక కష్టాల సంగతి. ఇది రాయడానికి కలం వెనుకాడుతున్నది.

పన్నెండేళ్ళ క్రిందట మా ఇంట ఒక పిల్లి ఉండేది. పాలు ఒలకబోసేది, పరుపులు పాడుచేసేది. ఒకనాడు మనవరాలి చేయి గీరింది. మా ఇంటివారు ఇక సహించలేమన్నారు. మేము దాన్ని గోనెసంచిలో పట్టించి, టమోటా లారీలో వెళ్ళే కుర్రవానికి ఇచ్చి, పలమనేరు దాటాక వదలిపెట్టమన్నాము. మూడవనాడు పశువుల పాక అటక మీద సన్నని అరుపు వినిపించింది. నిచ్చెన తెచ్చి చూస్తే మూడు కూనలు. రెండు అప్పటికే చనిపోయాయి. మూడవదానికి దూదితో ఆవుపాలు పట్టాము, తెల్లవారేసరికి అదీ పోయింది. అది పాలిచ్చే తల్లి అని మేము గమనించలేదు.

ఆ వారంలోనే మా హదీసు తరగతిలో పిల్లిని బంధించి, తిండి పెట్టక, నేల మీది పురుగుపుట్రనైనా తినడానికి వదలక చంపిన స్త్రీ నరకశిక్షకు గురైన ఉల్లేఖనం వచ్చింది. మేము బంధించలేదు, వదిలిపెట్టాము గదా అని మా మనసు వాదించింది. కాని పక్షి పిల్లలను తీసుకువచ్చిన సహచరులతో, తల్లిని ఎవరు క్షోభపెట్టారని ప్రవక్త (సఅసం) అడిగి, వాటిని తిరిగి ఇప్పించిన సంగతి కూడా మేము పాఠం చెప్పినదే.

అందుచేత ఇప్పుడు మదరసాలో కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాము. పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపుతాము. కారం, సున్నం పూయనివ్వము. రేబీస్ కుక్కల వల్ల మాత్రమే వస్తుందనుకోవడం పొరపాటు. పిల్లికి కూడా పశువైద్యశాలలో ఏటా టీకా వేయించాలి.

మా కోడలు గర్భవతి అయినప్పుడు ఇరుగుపొరుగువారు పిల్లిని వెళ్ళగొట్టమన్నారు. డాక్టరమ్మ మాత్రం అవసరం లేదన్నారు. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు, గర్భస్థ శిశువుకు అది ప్రమాదకరం. అయితే బయటికి వచ్చాక అది సోకే స్థితికి చేరడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కనుక ఇసుక పెట్టెను ప్రతిరోజూ వేరొకరు శుభ్రం చేయాలి, పచ్చి మాంసం పిల్లికి పెట్టరాదు, మనమూ బాగా ఉడికించే తినాలి. ఆ తొమ్మిది నెలలు ఇసుక పెట్టె మా వంతు అయింది. ఉబ్బసం ఉన్న బిడ్డకు పిల్లి వల్లనే ఆయాసం వస్తున్నదని వైద్యులు తేల్చితే మాత్రం దాన్ని మంచి ఇంటికి అప్పగించడమే మేలు. అమ్ముకోవద్దు. పిల్లి వెల తీసుకోవడాన్ని ప్రవక్త (సఅసం) మందలించినట్లు హజ్రత్ జాబిర్ (రజి) చెప్పారు. ధర్మవేత్తలలో అధికులు దీన్ని నిషిద్ధమనక, అయిష్టకరమన్నారు. బెంగుళూరు నుండి వేల రూపాయలు పోసి పర్షియన్ పిల్లులు తెచ్చేవారు ఈ మాట తెలుసుకోవాలి.

సంతానం మరొక చిక్కు. ఆరు నెలలకే ఈడుకు వచ్చి, రెండు నెలలకే ఈనే ప్రాణి అది. శస్త్రచికిత్స చేయించవచ్చునా అని చాలామంది అడుగుతారు. ప్రయోజనం ఉన్నా, హాని తొలగుతున్నా పిల్లికి వృషణాలు తీయించడంలో దోషం లేదని ఫతావా ఆలమ్‌గీరీలో ఉంది. కూనలను సంచిలో కట్టి చెరువు గట్టున పారవేయడం కంటె ఇది ఎంతో నయం.

ఈ సంవత్సరమూ ఆ స్త్రీ హదీసు పాఠానికి వచ్చింది. పిల్లి గడప మీద కూర్చుని ఒళ్ళు నాకుకుంటున్నది. "ఆమె దాన్ని ఎందుకు బంధించింది, హజ్రత్?" అని బకెట్టు ప్రశ్న అడిగిన పిల్లవాడే అడిగాడు. హదీసులో కారణం లేదు. మేము కితాబు మూసి, అటక మీది మూడు కూనల సంగతి వారికి చెప్పాము.