అటకమీది కార్డుముక్క... అమ్మేముందు ఆగండి!

పండక్కి ఇల్లు దులిపినప్పుడల్లా తాతగారి ట్రంకుపెట్టె అటక దిగుతుంది. ఇనుపచువ్వకు గుచ్చిన ఉత్తరాలు, మూత బిగుసుకుపోయిన సిరాబుడ్డి, ఇత్తడి అడకత్తెర, నాలుగైదు బొమ్మల కార్డులు... కాగితాలు పాతపేపర్ల అబ్బాయికి, ఇత్తడి పాతసామాన్లవాళ్లకి. రెండూ కిలోల లెక్కనే! అలా తూకానికి వెళ్లినవాటినే హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్లోనో ముంబయి చోర్‌బజార్లోనో వెతికి పట్టుకుని, ఒక్కో ముక్కకు ఒక్కో ధర కట్టి కొనేవాళ్లున్నారు. పోస్టుకార్డులు సేకరించే ఈ సరదాకు డెల్టియాలజీ అని పేరు కూడా ఉంది.

పావు అణా ప్రయాణం

మొదటి పోస్టుకార్డు 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగరీలో వచ్చింది. మనకు 1879 జులైలో అందింది. వెల పావు అణా. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బొమ్మల కార్డుల మోజు మొదలైంది. 1894లో బొంబాయిలో పెట్టిన రవివర్మ ప్రెస్ దేవతల బొమ్మలను కార్డులమీదికీ ఎక్కించింది. లండన్‌లోని రాఫెల్ టక్ సంస్థ మన ఊళ్ల దృశ్యాలను అచ్చేసి అమ్మింది.

వయసు చెప్పేదెలా?

కార్డు వెనక్కి తిప్పండి. ఒకప్పుడు ఆ వైపంతా చిరునామాకే. కబురు రాయాలంటే బొమ్మ పక్కనున్న ఖాళీలోనే ఇరికించాలి. 1902లో బ్రిటన్ ఆ వైపును నిలువుగా రెండు చేసి, కబురుకూ చోటిచ్చింది. మిగతా దేశాలూ అదే దారి పట్టాయి. మధ్యలో గీత లేదంటే ముసలి కార్డేనన్నమాట! స్టాంపుమీద విక్టోరియా ఉందా, ఎడ్వర్డా, జార్జా అన్నది మరో ఆధారం. నిజాం రాజ్యానికైతే సొంత తపాలా ఉండేది. ఆ స్టాంపులమీద తెలుగు అక్షరాలూ కనిపిస్తాయి.

అసలైన ఫొటో కార్డని ఎవరైనా చెబితే భూతద్దం పెట్టండి. చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది అచ్చేసిందే.

చేజేతులా...

చార్మినార్ కార్డులు చాలానే దొరుకుతాయి. ఓ చిన్న ఊరి రైల్వేస్టేషన్ బొమ్మ, ఆ ఊరి పోస్టాఫీసు ముద్ర స్పష్టంగా ఉన్న కార్డు దొరకడమే కష్టం. ధర పలికేదీ వాటికే. చువ్వకు గుచ్చిన కంత ఉంటే రేటు పడిపోతుంది. స్టాంపు కత్తిరించి దాచుకుంటే ముద్ర, తేదీ, ఊరు అన్నీ పోతాయి. భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయిస్తే అంతే సంగతులు! ఇత్తడి సామానుదీ అదే కథ. చింతపండుతో తళతళా తోమితే సంతోషంగానే ఉంటుంది. కానీ కాలం ఇచ్చిన ఆ ముదురు రంగే దాని వయసుకు సాక్ష్యం.

చట్టం మరవొద్దు

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన శిల్పాలు, నాణేలు, కళావస్తువుల్లాంటివి పురావస్తువులు. చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతులకు డెబ్భై అయిదేళ్లు చాలు. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. సొంతంగా విదేశాలకు పంపడం నేరం. అమెరికాలో ఉన్న అబ్బాయికి పార్సిల్ కట్టేముందు పురావస్తు శాఖవారిని అడగడం మంచిది.

ఒక్కసారి చదవండి

పెళ్లికబురైతే కార్డు నాలుగు మూలలా పసుపు రాసేవారు. చావుకబురైతే నలుపు. దాన్ని చదివి వెంటనే చింపేసేవారు, ఇంట్లో ఉంచకూడదని. అందుకే పెట్టెలో మిగిలినవన్నీ దాదాపు క్షేమసమాచారాలే.

అమ్మడం తప్పేం కాదు. అటకమీద చెదలు తినేకంటే, విలువ తెలిసినవాళ్ల దగ్గరుండటమే మేలు. కానీ ఇచ్చేముందు ఒక్కసారి చదవండి. ‘ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం’ అని రెండే ముక్కలుండొచ్చు. కొనేవారికి అది ఓ ముద్ర, ఓ తేదీ. ఆ ఆడపిల్ల మీ అమ్మమ్మ కావచ్చు!