కొత్త వార్డు కట్టక మునుపు



గత ఆగస్టు వానలలో మా సంఘ పెద్దలు ఇద్దరిని వెంటబెట్టుకొని మేము ఒక పల్లెటూరి మిషను ఆసుపత్రికి వెళ్ళాము. డెల్టాలో కాలువగట్టు ప్రక్కన చింతచెట్ల నీడలో ఉన్న ముప్పై మంచాల ఆసుపత్రి అది. ఇరవైనాలుగు మంచాల కొత్త వార్డు ఒకటి కట్టదలచి, పునాదిరాయి ప్రార్థనకు ఎప్పుడు వీలగునో, సంఘముల నుండి కానుక ఎంత రాగలదో మాట్లాడుటకు కమిటీవారు పిలిచారు.

వార్డు అవసరము లేదని ఎవరూ అనలేరు. జ్వరాల కాలము. ఆడవారి వార్డులో మంచానికి మంచానికి మధ్య చాపలు పరచి రోగులను పడుకోబెట్టారు. ఒకామె సెలైను సీసాను కిటికీ చువ్వకు కట్టారు. పాము కరచిన కుర్రవాడొకడు, రాత్రంతా కనిపెట్టి చూడవలసినవాడు, చోటు లేక వరండాలో బల్లమీద ఉన్నాడు. వాని తండ్రి తలదగ్గర నిలబడి తువ్వాలుతో దోమలు తోలుతున్నాడు.

డాక్టరుగారు ప్లాను కాగితము పరచి చూపుతుండగా, కిటికీ అవతల ఒక పెద్దమ్మ మూడు ఇటుకల పొయ్యి మీద కోడలికి జావ కాస్తున్నది. వాన జల్లుకు పొయ్యి రెండుసార్లు ఆరిపోయినది. ఆమె మమ్మును చూచి, “అయ్యగారూ, మంచాలు సరే, మా పొయ్యిలు ఎక్కడ పెట్టుకోమంటారు?” అని అడిగింది. ప్లానులో చూచాము. పొయ్యి లేదు. రోగితో వచ్చినవారు పడుకొనే చోటు కూడ లేదు. మన పల్లెల్లో ఒక్క రోగి వస్తే ఇద్దరు ముగ్గురు వెంట వస్తారని తెలియనివారు ఆ గదిలో ఒక్కరూ లేరు. అయినను ఎవరికీ తోచలేదు, మాకును తోచలేదు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. కొన్ని సంవత్సరాల క్రితము వేరొక చోట కాన్పుల వార్డు కట్టుటకు మా సంఘము చందాలు పోగుచేసింది. ఇల్లిల్లు తిరిగినవారము మేమే. ప్రారంభోత్సవము ఘనముగా జరిగింది, గోడకు పాలరాయి బిగించారు, అందులో మా పేరు కూడ చెక్కించారు. కాని రాత్రి డ్యూటీకి నర్సులు దొరకలేదు. దొరికినవారికి జీతము చాలలేదు. కొన్నాళ్ళకు ఆ వార్డుకు తాళము పడింది, లోపల కూటముల కుర్చీలు పేర్చారు. ఒక రాత్రి మా సంఘస్తురాలికే నొప్పులు వస్తే, గేటు దాక వెళ్ళి, చూచేవారు లేక, ఆటోలో పట్టణము దారి పట్టారు. రైల్వే గేటు దగ్గర కాన్పు అయింది. తల్లి బ్రతికింది, బిడ్డ దక్కలేదు. సమాధి కార్యక్రమము జరిగించినది మేమే. ఆ పాలరాతి మీద మా పేరు ఇంకను ఉన్నది.

అందుచేత ఈసారి కమిటీలో లెక్క అడిగాము. వార్డులో ఒక్క నర్సు కుర్చీ రాత్రింబవళ్ళు ఖాళీ లేకుండ ఉండవలెనంటే రోజుకు మూడు డ్యూటీలు, వారమునకు ఇరవైయొకటి. ఒకరు వారానికి ఆరు చేస్తారు. సెలవులు, జబ్బులు, పండుగలు కలుపుకుంటే నలుగురు బొటాబొటి. ఇరవైనాలుగు మంచాలకు ఒక్క నర్సు చాలదు గనుక ఆ లెక్క రెండింతలు. ఆయాలు, ఊడ్చేవారు, మందులు, కరెంటు, జనరేటరు డీజిలు వేరు. భవనానికి ఒక్కసారి ఇస్తాము. ఇవి నెలనెలా అడుగుతాయి. మంచి సమరయుని కథను మేము ఎన్నోసార్లు ప్రసంగించాము గాని, అతడు పూటకూళ్ళవానికి రెండు దేనారములు ఇచ్చి, ఇంకేమైన ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీర్చెదనని చెప్పి వెళ్ళిన సంగతి ఆ కమిటీ గదిలోనే మాకు బాగా పట్టింది. అతడు సత్రము కట్టించలేదు, రోగి ఖర్చు పెట్టుకున్నాడు.

మన తెలుగు దేశములోనే పెద్ద ఉదాహరణ ఉన్నది. డాక్టర్ అన్నా కుగ్లర్ దొరసానిగారు 1883లో గుంటూరు వచ్చారు. వైద్య పరిచర్యకు ఆమెను పంపిన బోర్డువారు అప్పటికి సిద్ధముగా లేరు. స్త్రీల మధ్య పనికి, బడుల పనికి పంపారు. ఆమె మాత్రము రోగులను చూడక మానలేదు. 1885లో వైద్య మిషనెరీగా గుర్తింపు వచ్చింది. ఆసుపత్రి భవనము తెరచినది 1898లో. అంటే వచ్చిన పదిహేనేండ్లకు! అంతవరకు ఇండ్లకు వెళ్ళి, చిన్న చోట్లలో చూచి, జనుల నమ్మకము సంపాదించారు. తరువాత ఏలూరు జమీందారు భుజంగరావుగారు తమ కుటుంబమునకు జరిగిన వైద్యమునకు కృతజ్ఞతగా ఆసుపత్రి ఎదుట సత్రము కట్టించారు. వార్డు కాదు, సత్రము! రోగులతో వచ్చినవారు తమ ఆచారము ప్రకారము వండుకొని తిని పడుకొనుటకు. వానలో పొయ్యి రాజేస్తున్న ఆ పెద్దమ్మ కష్టము ఆ జమీందారుగారికి వంద సంవత్సరాల క్రితమే తెలిసినది.

వేలూరు సంగతి మన వారికి చెప్పనవసరము లేదు. మన జిల్లాల నుండి రైలెక్కి వెళ్ళనివారు ఏ సంఘములో ఉన్నారు? అక్కడ ఐడా స్కడ్డర్ గారు 1902లో నలభై మంచాల ఆసుపత్రి తెరచి, 1909లో నర్సుల శిక్షణ మొదలుపెట్టారు. స్త్రీలకు డాక్టరు చదువు వచ్చినది 1918లో. నర్సులు ముందు.

వేలూరులో చదివిన రజనీకాంత్ అరోలే, మేబెల్ అరోలే దంపతులు 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో పని మొదలుపెట్టినప్పుడు ఇంకొక ప్రశ్న వేసుకున్నారు. వచ్చినవారికి మంచము ఇచ్చుట సరే, అసలు ఇంతమంది ఎందుకు మంచాన పడుతున్నారు? పల్లె స్త్రీలను, చదువు రానివారిని సహితము, ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేశారు. విరేచనాల బిడ్డకు ఉప్పు పంచదార నీళ్ళు, శుభ్రమైన కాన్పు, త్రాగునీరు వంటి పనులు ఊరిలోనే జరిగాయి. ఆ దంపతులకు 1979లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆసుపత్రి అక్కరలేదని వారు అనలేదు, ఆసుపత్రి కూడ నడిపారు.

కమిటీలో మాటలు వేడిగానే జరిగాయి. ఒక పెద్దాయన అద్దాల కిటికీలు, ఏసీ కావాలన్నారు. పట్టణపు ఆసుపత్రులు చూచిన కన్ను మరి. డాక్టరుగారే అడ్డుపడి, దగ్గే రోగులున్నచోట, క్షయ ఉన్నచోట, రెండు ప్రక్కలా ఎదురెదురు కిటికీలుండి గాలి ఆడవలెనని, మంచానికి మంచానికి కనీసము ఒక మీటరు ఎడము వదలవలెనని వివరించారు. 1859లోనే నైటింగేల్ అమ్మగారు ఆసుపత్రుల గురించి వ్రాసిన పుస్తకములో గాలి వెలుతురుల సంగతి నొక్కి చెప్పారట. మరొక పెద్దాయన తన తండ్రి పేరున పాలరాయి వేయించవలెనని పట్టుబట్టారు. ఆయన ఇవ్వదలచినది పెద్ద మొత్తము. మేము మా రైల్వే గేటు సంగతి చెప్పాము. ఆయన లేచి బయటకు వెళ్ళిపోయారు. మా మాట కటువుగా ఉన్నదేమో, ఇప్పటికిని తెలియదు.

చివరకు తేలినది ఇది. ఇరవైనాలుగు కాదు, పన్నెండు మంచాలు. పైన మరొక అంతస్తు మోయగల స్తంభాలు. అన్నిటికంటె ముందు వంటల పాక, దానిని ఆనుకొని రోగుల బంధువులు పడుకొనే వసారా, రెండు మరుగుదొడ్లు. మా సంఘపు స్త్రీలు వంట చేసేటప్పుడు తీసి ఉంచే పిడికెడు బియ్యపు కానుకతో ఇద్దరు అమ్మాయిలను నర్సింగు చదువుకు పంపుట. వారి చదువు పూర్తయ్యే దాక పన్నెండు మంచాలలో ఆరే తెరవవలెనని డాక్టరుగారు షరతు పెట్టారు. కొందరికి చిన్నబోయినట్లు అనిపించింది. ఒప్పుకున్నారు.

నవంబరులో కోతకాలపు పండుగ వేలములో ఒక గుమ్మడికాయ మూడుసార్లు చేతులు మారి, కొన్నవారే మరల కానుకగా ఇచ్చి, పాక రేకులకు సరిపడ సొమ్ము వచ్చింది. పాలరాయి అడిగిన పెద్దాయన వేలమునకు వచ్చారు, మాతో మాటలాడలేదు గాని, పాకకు పొయ్యిగట్లు ఆరు కట్టించుటకు ఇటుకలు పంపారు. పేరు వేయమనలేదు.

పాక మొదలుపెట్టిన రోజు మేము మరల వెళ్ళాము. వంట చేయుచున్న స్త్రీలను ఎట్లున్నదని అడిగితే, కుళాయి ఎత్తు తక్కువైనది, క్రింద బిందె పట్టుటలేదు అన్నారు. మేస్త్రీ మరునాడు వచ్చి జానెడు పైకి లేపాడు.