విశాఖ మన్యంలో పర్యావరణ నిర్ణయాలు - సలహా మండలి, గ్రామసభ

ఒక ప్రాంతంలోని అడవి, కొండ, నీరు, నేల వినియోగాన్ని గురించి ప్రభుత్వం నిర్ణయం తీసుకొనేముందు అక్కడి పౌరుల మాట వినడానికి ఏర్పడిన వ్యవస్థను పౌర సలహా వ్యవస్థ అనవచ్చును. అరకులోయ, అనంతగిరి, పాడేరు, చింతపల్లి మొదలైన ప్రాంతాలతో కూడిన విశాఖ మన్యంలో ఈ బాధ్యత ఒకే సంస్థ చేతిలో లేదు. రాష్ట్రస్థాయిలో గిరిజన సలహా మండలి, ఊరిస్థాయిలో గ్రామసభ, పెద్ద ప్రాజెక్టుల విషయంలో జిల్లా కలెక్టరు అధ్యక్షతన జరిగే ప్రజాభిప్రాయ సేకరణ - ఈ మూడు వేదికలు వేర్వేరు చట్టాల వలన ఏర్పడినవి. మూడింటికీ ఉన్న అధికారం ఒకే రకమైనది కాదు. ఒకచోట ప్రజల మాట సలహా మాత్రమే. మరొకచోట అది సిఫారసు. కొన్ని సందర్భాలలో మాత్రమే అది సమ్మతి. ఈ తేడా తెలియకపోతే మన్యంలో బాక్సైటు వివాదం అంత దీర్ఘకాలం ఎందుకు సాగినదో అర్థం కాదు.

ప్రాంతం

విశాఖ మన్యం తూర్పు కనుమలలో భాగము. పూర్వపు విశాఖపట్నం జిల్లాలోని 11 షెడ్యూల్డు మండలాలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినవి. జిల్లా కేంద్రం పాడేరు. ఇక్కడ బగత, కొండదొర, వాల్మీకి, కోటియా, కోదు, పోర్జ, గదబ మొదలైన తెగలవారు నివసిస్తున్నారు. వీరిలో చాలామంది ఇంటిలోనూ సంతలోనూ ఆదివాసీ ఒడియా గాని, తమ తెగ భాష గాని మాట్లాడుతారు. తెలుగు వీరికి బడిలోనూ కార్యాలయంలోనూ ఎదురయ్యే భాష.

ఈ కొండలను ఇప్పటికీ 'ఏజెన్సీ' అనడానికి కారణం 1839 నాటి గంజాం-విశాఖపట్నం చట్టం. దాని ప్రకారం కొండ ప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధి నుండి తప్పించి గవర్నరు ప్రతినిధి, అనగా 'ఏజెంటు' పాలనలో ఉంచారు. గిరిజనుల భూములు ఇతరుల చేతికి పోకుండా 1917లో ఒక చట్టం, 1959లో ఒక నిబంధన వచ్చాయి. 1959 నిబంధనను 1970లో కఠినతరం చేశారు. ప్రజలు '1/70' అని పిలిచేది ఈ సవరణనే.

కొండల పైపొరకు, కింది ఊళ్ళకు ఉన్న సంబంధాన్ని కొంత వివరించాలి. గాలికొండ, రక్తకొండ వంటి కొండల శిఖరాలపై బాక్సైటు, లాటరైటు పొరలు టోపీవలె పరచుకొని ఉంటాయి. ఇవి రంధ్రాలు గల రాళ్ళు. వానాకాలంలో నీటిని పీల్చుకొని, వానలు వెనుకబడిన తరువాత నెమ్మదిగా ఊటల రూపంలో విడిచిపెడతాయి. ఆ ఊటలే గెడ్డలై మెట్టుచెక్కల వరిపొలాలను తడుపుతాయి. గోస్తని నది అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల గుండా ప్రవహించి భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. శారదా నది కూడ ఈ కొండల నీటితోనే బ్రతుకుతున్నది. గోస్తనిపై తాటిపూడి జలాశయము, శారదపై రైవాడ జలాశయము విశాఖపట్నం నగరానికి త్రాగునీరు ఇస్తున్నాయి. కాబట్టి కొండపై తీసుకొనే నిర్ణయం కొండవారితోనే ఆగిపోదు. అయినను ప్రజల మాట వినడానికి చట్టం ఏర్పరచిన వేదికలు కొండపైననే ఉన్నవి. ఆ నీరు త్రాగే నగరవాసికి ఈ విషయంలో ఒక సభ అంటూ లేదు.

గిరిజన సలహా మండలి

భారత రాజ్యాంగం ఐదవ షెడ్యూలులోని 4వ పేరా ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాలు గల ప్రతి రాష్ట్రంలోను గిరిజన సలహా మండలి ఉండాలి. సభ్యుల సంఖ్య 20కి మించరాదు. వారిలో సుమారు నాలుగింట మూడు వంతులమంది శాసనసభలోని షెడ్యూల్డు తెగల ప్రతినిధులై ఉండాలి. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్ర ప్రదేశ్ శాసనసభలోని 175 స్థానాలలో షెడ్యూల్డు తెగలకు కేటాయించినవి 7 మాత్రమే. కనుక మిగిలిన స్థానాలను ఆ తెగలకు చెందిన ఇతరులతో నింపవలసి ఉంటుంది. రాజ్యాంగమే ఈ వెసులుబాటు కల్పించినది.

పేరులో మండలి అని ఉన్నంత మాత్రాన దీని అధికారాన్ని ఎక్కువగా ఊహించుకొనరాదు. షెడ్యూల్డు తెగల సంక్షేమానికి, అభ్యున్నతికి సంబంధించి గవర్నరు తన దృష్టికి పంపిన విషయాలపై సలహా ఇవ్వడమే దీని విధి. తనంతట తాను ఒక గని తవ్వకాన్ని పరిశీలనకు తీసుకొని ఆపే అధికారం దీనికి లేదు. అయితే ఒక విషయంలో మాత్రం మండలిని తప్పించుకొనడం సాధ్యం కాదు. షెడ్యూల్డు ప్రాంతాల శాంతి, సుపరిపాలనల కొరకు గవర్నరు నిబంధనలు చేసేముందు, ఉదాహరణకు భూమి బదిలీని నియంత్రించే నిబంధనను మార్చేముందు, మండలిని సంప్రదించి తీరాలని 5వ పేరా చెబుతున్నది. ఆ నిబంధనకు రాష్ట్రపతి ఆమోదం కూడ కావాలి. 1/70ని సడలించాలని కోరేవారు ఎవరైనా ఈ గుమ్మం దాటవలసినదే.

గ్రామసభ

73వ రాజ్యాంగ సవరణను షెడ్యూల్డు ప్రాంతాలకు విస్తరిస్తూ పార్లమెంటు 1996 డిసెంబరులో చేసిన చట్టాన్ని 'పెసా' అంటారు. ఈ చట్టంలో ఊరు అంటే రెవెన్యూ గ్రామం కాదు. తమ సంప్రదాయాల ప్రకారం వ్యవహారాలు నడుపుకొనే ఒక గూడెం లేక కొన్ని గూడేల సముదాయము. ఓటర్ల జాబితాలో ఉన్న వారందరూ గ్రామసభ సభ్యులే. ఇది ఎన్నికైన కొద్దిమందితో కూడిన మండలి కాదు గనుక, ఇక్కడ సలహా చెప్పేవారూ ఆ సలహా ఎవరి గురించో వారూ ఒక్కరే. తమ సంప్రదాయాలను, సాముదాయక వనరులను కాపాడుకొనే సామర్థ్యం గ్రామసభకు ఉన్నదని ఈ చట్టం గుర్తించినది.

అయితే వివరాలలోకి వెళితే ఒక విచిత్రం కనిపిస్తుంది. ఇసుక, కంకర, కట్టుబడి రాయి వంటి చిన్న ఖనిజాల లీజు ఇవ్వడానికి ముందు గ్రామసభ లేక తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరి. బాక్సైటు ప్రధాన ఖనిజం గనుక ఆ నియమం దానికి వర్తించదు. అనగా గెడ్డలోని ఇసుక విషయంలో ఊరివారి మాట చెల్లుతుంది, గెడ్డకు నీరిచ్చే కొండ విషయంలో అదే చట్టం క్రింద చెల్లదు. భూసేకరణ విషయంలో కేంద్ర చట్టం 'గ్రామసభ లేక తగిన స్థాయి పంచాయతీ'ని సంప్రదించాలని చెప్పి ఎంపికను రాష్ట్రానికి వదలినది. ఆంధ్ర ప్రదేశ్ 1998లో తన పంచాయతీరాజ్ చట్టాన్ని సవరించినప్పుడు భూసేకరణ సంప్రదింపుకు మండల పరిషత్తును, చిన్న ఖనిజాలకు గ్రామ పంచాయతీని ఎంచుకొన్నది. గూడెంలోని గ్రామసభ వెనుకకు నెట్టబడినదన్న విమర్శకు ఇదే మూలం. రాష్ట్రంలో పెసా నియమావళి 2011లో, అనగా మాతృచట్టం వచ్చిన పదిహేనేళ్ళకు గాని రాలేదు.

గ్రామసభకు నిజమైన బలం 2006 నాటి అటవీ హక్కుల చట్టంతో వచ్చినదని చెప్పవచ్చును. ఈ చట్టం క్రింద హక్కుల నిర్ధారణ ప్రక్రియను ఆరంభించే అధికారం గ్రామసభదే. అడవిని, నీటి వనరులను రక్షించుకొనే అధికారం కూడ ఇచ్చారు. 2012 సవరణ నియమాల ప్రకారం సభకు కనీసం సగంమంది సభ్యులు రావాలి. వచ్చినవారిలో మూడవ వంతుకు తగ్గకుండా స్త్రీలు ఉండాలి. పుట్టగొడుగులు, అడ్డాకులు, కట్టెపుల్లలు, ఊటనీరు - వీటి జాడ ఎక్కువగా తెలిసినవారు స్త్రీలే గనుక ఈ నియమం కాగితపు లాంఛనం కాదు.

గ్రామసభను వన సంరక్షణ సమితితో పొరబడరాదు. 1992 నుండి అటవీశాఖ ఉమ్మడి అటవీ యాజమాన్యంలో భాగంగా ఈ సమితులను ఏర్పరచినది. అడవి పెంపకంలో వీటి సేవ కొన్నిచోట్ల మెచ్చదగినదే గాని, ఇవి శాఖ ఉత్తర్వులపై ఆధారపడినవి. అటవీ హక్కుల చట్టం అమలైన తొలి సంవత్సరాలలో ఉమ్మడి రాష్ట్రంలో పలుచోట్ల సాముదాయక హక్కుపత్రాలను గ్రామసభకు బదులు ఈ సమితుల పేరిట ఇవ్వడం విమర్శలకు గురైనది.

ప్రజాభిప్రాయ సేకరణ

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం పెద్ద గనులు, కర్మాగారాలకు అనుమతి ఇచ్చేముందు ప్రాజెక్టు స్థలంలో గాని, సమీపంలో గాని బహిరంగ విచారణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలోను, ఒక ప్రాంతీయ భాషా పత్రికలోను ప్రకటించాలి. కార్యక్రమాన్ని వీడియో తీయాలి. చర్చల సారాంశాన్ని స్థానిక భాషలో సభికులకు చదివి వినిపించాలి. సభ ఆరంభానికి కోరం అవసరం లేదు. ఎంతమంది వ్యతిరేకించినా ఆ వ్యతిరేకత నమోదై పైకి వెళుతుందే గాని, దానంతట అది అనుమతిని నిలపదు.

స్థానిక భాష అన్నచోట ఆచరణలో తెలుగు అనే అర్థం తీసుకొంటారు. కోదు భాషలో 'ఊట ఎండిపోతుందా' అని అడగదలచిన ముసలమ్మ సాంకేతిక తెలుగులో ఉన్న నివేదికను విని ఏమి గ్రహించగలదో ఆలోచించదగిన విషయము. ఇంకొక లోటు నిపుణుల విషయంలో ఉన్నది. ప్రభావ అంచనా నివేదికను ప్రాజెక్టు పెట్టేవారే తమ సలహాదారుల చేత వ్రాయిస్తారు. ఊరి పక్షాన దానిని పరీక్షించేవారు ఉండరు. పోలికకు అమెరికాలోని అలాస్కాను చూడవచ్చును. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుండి చమురు ఒలికిన తరువాత ప్రిన్స్ విలియం సౌండ్ ప్రాంతంలో ఏర్పడిన పౌర సలహా మండలికి 1990 నాటి చట్టం గుర్తింపునిచ్చినది. చమురు గొట్టపుమార్గ సంస్థ ఏటా ఇచ్చే నిధితో ఆ మండలి సొంతంగా శాస్త్రజ్ఞులను నియమించుకొంటుంది. దానికీ నిర్ణయాధికారం లేదు, సలహాయే. కాని ఆ సలహా వెనుక సొంత లెక్కలు ఉంటాయి.

సమత తీర్పు

అనంతగిరి మండలంలోని బొర్రా ప్రాంతంలో ప్రైవేటు సంస్థలకు ఇచ్చిన గని లీజులను 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ న్యాయస్థానంలో సవాలు చేసినది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు 2-1 ఆధిక్యంతో తీర్పు చెప్పినది. 1/70లో గిరిజనేతర 'వ్యక్తి' అన్న మాటలో ప్రభుత్వం కూడ చేరుతుందని, కాబట్టి షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని దీని సారాంశము. గనులను ప్రభుత్వ సంస్థలు గాని, గిరిజనుల సహకార సంఘాలు గాని నడపవచ్చును. తవ్వకంలో వచ్చే నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల నీరు, విద్య, వైద్యం, రోడ్లు మొదలైన అవసరాలకు కేటాయించాలని కూడ న్యాయస్థానం సూచించినది.

బాక్సైటు వివాదం

సమత తీర్పు మూసిన తలుపు ప్రక్కన ఒక కిటికీ మిగిలినది: ప్రభుత్వ సంస్థ తవ్వవచ్చును. 2005లో జిందాల్ సంస్థతో, 2007లో రస్ అల్ ఖైమాతో రాష్ట్ర ప్రభుత్వం చేసుకొన్న ఒప్పందాల రూపం ఇదే. ఆంధ్ర ప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ కొండపై తవ్వుతుంది. మైదానంలో శృంగవరపుకోట వద్ద, మాకవరపాలెం వద్ద ప్రైవేటు శుద్ధి కర్మాగారాలు ఆ ఖనిజాన్ని కొంటాయి. మొదటిదానికి అరకు ప్రాంతపు కొండలు, రెండవదానికి జెర్రెల ప్రాంతపు కొండలు ఉద్దేశింపబడినవి. ఇది తీర్పు అక్షరాలకు సరిపోవచ్చు గాని, స్ఫూర్తికి విరుద్ధమని గిరిజన సంఘాలు వాదించాయి. 2012లో అప్పటి కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రి, అరకు లోక్‌సభ సభ్యుడు వి.కిశోర్ చంద్రదేవ్ ఐదవ షెడ్యూలు అధికారాలను వినియోగించి ఈ ఒప్పందాలను రద్దు చేయాలని గవర్నరును కోరారు.

2015 నవంబరు 5న జారీ అయిన జి.ఓ. 97 ద్వారా చింతపల్లి, జెర్రెల అడవులలో 1,212 హెక్టార్లను తవ్వకానికి ఖనిజాభివృద్ధి సంస్థకు ఇవ్వాలని నిర్ణయించారు. గిరిజన సలహా మండలిని సంప్రదించలేదన్నది, గ్రామసభల సమ్మతి లేదన్నది ప్రధాన అభ్యంతరాలు. మన్యమంతటా ఆందోళన చెలరేగగా ఉత్తర్వు అమలు నిలిచిపోయినది. 2019లో కొత్త ప్రభుత్వం దానిని రద్దు చేసినది. ఇక్కడ కొండ మిగలడానికి కారణం వేదికలు సక్రమంగా పనిచేయడం కాదు, వాటిని దాటిపోయారన్న ఆగ్రహం.

ఇదే తూర్పు కనుమలలో ఒడిషాకు చెందిన నియమగిరి కథ వేరుగా నడచినది. అక్కడ కూడ రాష్ట్ర గనుల సంస్థ తవ్వి, లాంజిగఢ్‌లోని వేదాంత కర్మాగారానికి ఇవ్వాలన్నదే పథకం. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఈ విషయాన్ని గ్రామసభల ముందు పెట్టమన్నది. ప్రభుత్వం ఎంచిన 12 ఊళ్ళలో జిల్లా న్యాయమూర్తి సమక్షంలో సభలు జరిగాయి. డోంగ్రియా కోదులు తదితరులు పన్నెండు సభలలోను వద్దన్నారు. 2014 జనవరిలో కేంద్రం అటవీ అనుమతిని తిరస్కరించినది.

తరువాతి మార్పులు

2009 ఆగస్టు నాటి కేంద్ర పర్యావరణ శాఖ ఉత్తరువు అటవీ భూమి మళ్ళింపునకు గ్రామసభ సమ్మతిని కోరినది. 2013 భూసేకరణ చట్టం షెడ్యూల్డు ప్రాంతాలలో ముందస్తు సమ్మతి ఉండాలన్నది. 2022 జూన్‌లో వచ్చిన అటవీ సంరక్షణ నియమాలలో మాత్రం, అటవీ హక్కుల చట్టం పాటింపును చూసే బాధ్యతను కేంద్రం అనుమతి ఇచ్చిన తరువాతి దశలో రాష్ట్రానికి వదిలారు. అనుమతి ముందు, సమ్మతి వెనుక అయితే ఆ సమ్మతికి అర్థమేమిటన్న ప్రశ్న అప్పటి నుండి వినబడుతున్నది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ప్రతిపాదించిన పంప్డ్ స్టోరేజి జలవిద్యుత్ ప్రాజెక్టుల విషయంలో, తమ గ్రామసభలను అడగలేదని గిరిజనులు ఇదే అభ్యంతరాన్ని లేవనెత్తారు.