అరుచుకుంటూ నడిచిన ఆవులు

2025 జనవరిలో, కొత్త సంవత్సరపు కూడికలన్నీ ముగిశాక, సంఘంలోని ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేసి వస్తున్నాం. ఒక ఇంటి గుమ్మం పక్కన మగపిల్లాడి చెప్పులు కనిపించాయి. ఆ బాబు చనిపోయి అప్పటికి పద్నాలుగు నెలలు. తల్లి రోజూ వాటిని తుడిచి మళ్లీ అక్కడే పెడుతుందట. ప్రార్థన చేసి ఊరుకుని రావలసింది. ఊరుకోలేదు. ‘‘ఇంకా ఎన్నాళ్లమ్మా? బిడ్డ ప్రభువు దగ్గరున్నాడు కదా, అవి తీసేయండి’’ అన్నాం. ఆమె కోపగించుకోలేదు. ‘‘ఆరాధన మానలేదు, ఉపవాస ప్రార్థన మానలేదు అయ్యగారూ! ఏడుపు కూడా మానితేనే విశ్వాసమా?’’ అంది. మా దగ్గర జవాబు లేకపోయింది.

అదే నెలలో టాలెక్వా మళ్లీ వార్తల్లోకి వచ్చింది. టాలెక్వా ఒక ఓర్కా. కెనడా, అమెరికా సరిహద్దులో పసిఫిక్ తీరాన తిరిగే ఈ నలుపు తెలుపు ప్రాణిని కిల్లర్ వేల్ అంటారు గానీ, నిజానికది డాల్ఫిన్ల కుటుంబానిది. దాదాపు ఏడాదిన్నర కడుపున మోసి 2018 జూలై 24న అది ఒక ఆడపిల్లను కన్నది. ఆ పిల్ల అరగంటే బతికింది. తల్లి దాన్ని వదల్లేదు. తలమీద మోస్తూ, ముక్కుతో నెట్టుకుంటూ, జారి మునిగిపోతుంటే లోతుకు దిగి పైకి తెచ్చుకుంటూ 17 రోజులు తిరిగింది. దాదాపు 1,600 కిలోమీటర్లు! ఆగస్టు 11న పరిశోధకులు చూసేసరికి తలమీద పిల్ల లేదు. తనవాళ్లతో కలిసి సాల్మన్ చేపల వెంట పరుగెడుతూ కనిపించింది. 2020 సెప్టెంబరులో దానికి మగపిల్ల పుట్టింది, బతికింది. హమ్మయ్య అనుకున్నారంతా. 2024 డిసెంబరులో పుట్టిన ఇంకో ఆడపిల్ల మాత్రం నెల తిరక్కుండానే పోయింది. టాలెక్వా దాన్నీ తలకెత్తుకుంది. కనీసం 11 రోజులు మోసింది.

ఆ తీరంలో టాలెక్వా సమూహానివి మిగిలినవి డెబ్బై చిల్లరే. వాటి ముఖ్య ఆహారమైన చినూక్ సాల్మన్ తగ్గిపోవడం, ఓడల రొద, నీటిలో కలిసిన విషాలు అందుకు కారణాలు. అంటే ఆ తల్లి దుఃఖంలో మనుషుల చెయ్యి కూడా ఉంది.

దాన్ని దుఃఖమనవచ్చా అని శాస్త్రవేత్తల్లో వాదన ఉంది. ఆ వాదన తేల్చడం మా పని కాదు గానీ, పాడి ఉన్న ఇంట పుట్టినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. దూడ చచ్చిపోతే ఆవు మేత సరిగా ముట్టదు, అరుస్తూ వెతుక్కుంటుంది. దూడ దగ్గర లేకపోతే పాలు చేపదు. అందుకే పల్లెల్లో చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి, కర్రలు పెట్టి నిలబెట్టి, ఆవు ముందుంచి పాలు పితికేవారు. ఆవు ఆ గడ్డిదూడను నాకుతూ చేపేది. చిన్నప్పుడు అది చూసి నవ్వుకున్నాం. ఇప్పుడు తలచుకుంటే నవ్వు రావడం లేదు.

ఆవుకు దూడ మీదుండే ప్రేమ ఫిలిష్తీయులకు బాగా తెలుసు. దేవుని మందసం ఏడు నెలలు తమ దేశంలో ఉండి తెగుళ్లు తెచ్చిపెట్టాక, దాన్ని పంపేయడానికి వాళ్ల సోదెగాళ్లు ఒక పరీక్ష పెట్టారు (1 సమూయేలు 6వ అధ్యాయం). కాడి ఎన్నడూ మోయని రెండు పాడి ఆవుల్ని కొత్త బండికి కట్టారు. వాటి దూడల్ని ఇంట్లో కట్టేశారు. మామూలుగా ఐతే ఆవులు దూడల దగ్గరికే తిరిగి రావాలి. అలాకాక ఇశ్రాయేలు వైపు వెళ్తే అది దేవుని పనే అని వాళ్ల లెక్క. ఆవులు తిన్నగా బెత్షెమెషు దారి పట్టాయి. కుడికీ తిరగలేదు, ఎడమకూ తిరగలేదు. కానీ దారి పొడుగునా అరుస్తూనే వెళ్లాయి.

ఈ భాగం మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాం. కుడి ఎడమలకు తిరగని విధేయత గురించి గొంతెత్తి చెప్పాం. అరుపు మాట మాత్రం ప్రతిసారీ దాటేశాం. గ్రంథకర్త దాటేయలేదు. మందసాన్ని మోసుకెళ్లే ఆవులు ఏడవకూడదని ఆయన అనుకోలేదు. దేవుడు నడిపించిన దారిలోనే, ఒక్క అడుగు తప్పకుండానే, అవి బిడ్డల కోసం అరిచాయి. గుమ్మం దగ్గర ఆ తల్లి మమ్మల్ని అడిగింది ఇదే కదా!

రిస్పానూ ఎవరూ లేవమనలేదు. గిబియోనీయులు ఉరితీసిన బిడ్డల దగ్గర, బండమీద గోనెపట్ట పరచుకుని, యవల కోత మొదలైనప్పటినుంచి వాన కురిసేదాకా ఆమె కాపలా కూర్చుంది. పగలు పక్షుల్ని, రాత్రి మృగాల్ని తోలింది (2 సమూయేలు 21వ అధ్యాయం). ఆ సంగతి విన్న దావీదు ఆమెకు ఓదార్పు ప్రసంగం చేయలేదు. సౌలు, యోనాతానుల ఎముకలు తెప్పించాడు, ఉరితీయబడిన వారి ఎముకలు ఏర్పించాడు, సమాధి జరిపించాడు. యోబు స్నేహితులు కూడా ఏడు రోజులు నోరు మెదపకుండా నేలమీద కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు. మాట్లాడ్డం మొదలెట్టాకే చెడింది. మేమైతే ఆ ఇంట్లో ఏడు నిమిషాలు కూడా ఊరికే కూర్చోలేదు.

ఈస్టరుకు ముందు మళ్లీ వెళ్లాం. బాబు చెప్పులు అక్కడే ఉన్నాయి. మా చెప్పులు వాటి పక్కనే విడిచి లోపలికెళ్లి కూర్చున్నాం. వాడికి సండే స్కూల్లో వాక్యం అప్పజెప్పడమంటే ఎంత భయమో, వంటింట్లో ఆమె వెనకాలే తిరుగుతూ ఎలా బట్టీపట్టేవాడో చెబుతూ ఆమె నవ్వింది, ఏడ్చింది. టీ చల్లారిపోతే మళ్లీ వేడిచేసి తెచ్చింది. మేము వింటూ కూర్చున్నాం.