బంధించినవానిదే బాధ్యత
ఆశ్రయశాలల్లోని మూగజీవాలు – షరీఅత్ దృక్పథం

పిల్లిని కట్టివేసి ఆకలితో చంపిన స్త్రీ నరకశిక్షకు గురయిందని దైవప్రవక్త (సఅసం) తెలిపిన హదీసు బుఖారీ, ముస్లిం ఉభయ గ్రంథాల్లోనూ ఉంది. అందులో ఒక అంశం తరచు మరుగున పడుతుంది. ఆమె పిల్లికి తాను ఆహారం పెట్టలేదు. పురుగూ పుట్రా తిని బతకటానికి దాన్ని వదలనూ లేదు. స్వేచ్ఛగా తిరిగే జీవి తన ఆహారాన్ని తానే వెదుక్కుంటుంది. దాన్ని బంధించిన మరుక్షణం ఆ భారం బంధించినవానిపై పడుతుంది.

నేడు ఈ సూత్రం టర్కీ దేశంలో పరీక్షకు వచ్చింది. 2004 నాటి 5199వ నంబరు చట్టం ప్రకారం అక్కడి పురపాలక సంఘాలు వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, టీకాలు వేసి, పట్టిన చోటనే వదలవలసి ఉండేది. కుక్కల దాడులపై ఆందోళన పెరగటంతో 2024 జూలైలో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. ఇప్పుడు వాటిని పెంచుకునేవారు దొరికేవరకు ఆశ్రయశాలల్లోనే ఉంచాలి. వీధికుక్కలు సుమారు 40 లక్షలని ప్రభుత్వ అంచనా. సవరణ నాటికి దేశంలోని 322 ఆశ్రయశాలల్లో ఉన్న చోటు 1,05,000 కుక్కలకు మాత్రమే. కొత్తవి కట్టటానికి 2028 చివరి వరకు గడువిచ్చారు. మానవ ప్రాణరక్షణ షరీఅత్ లక్ష్యాల్లో ఒకటి. కనుక ప్రమాదాన్ని వీధుల నుండి తొలగించటం సబబే. చిక్కల్లా ఆ తర్వాతనే ఉంది.

హి.శ. 660 (క్రీ.శ. 1262)లో మరణించిన షాఫియీ ధర్మవేత్త ఇజ్జుద్దీన్ ఇబ్నె అబ్దుస్సలాం తన ‘ఖవాయిదుల్ అహ్‌కామ్’లో మనిషిపై జంతువులకున్న హక్కులను వివరించారు. ముసలిదైనా, జబ్బుపడినా, దానివల్ల లాభం లేకపోయినా పోషించాలి. దానికి హాని చేసే జంతువులతో కలిపి ఉంచరాదు. దాని విశ్రాంతి స్థలం బాగుండాలి. ఆశ్రయశాలలు తప్పేది సరిగ్గా ఇక్కడే. కిక్కిరిసిన గదుల్లో ఒకదాని వ్యాధి అన్నిటికీ సోకుతుంది. బలమైనవి బలహీనమైనవాటిని కరుస్తాయి. రోగంతో, భయంతో మూలన ముడుచుకున్న కుక్కను ఎవరూ ఇంటికి తీసుకుపోరు. కొత్తగా వచ్చినవాటిని కొన్నాళ్ళు వేరుగా ఉంచి, టీకాలు వేసి, రోజూ మనుషులకు మచ్చిక చేస్తే వాటికి ఇల్లు దొరకటం సులువవుతుంది.

పెంపకానికి ఇచ్చేటప్పుడు తగిన చోటును ఎంచాలి. పిల్లి ఇళ్ళలో తిరుగాడే ప్రాణి అనీ, అది అపవిత్రం కాదనీ అబూ ఖతాదా (రజి) ఉల్లేఖించిన హదీసు తెలుపుతున్నది. కుక్కను వేటకు, పశువుల, పొలాల కాపలాకు ఉంచుకోవటానికి హదీసుల్లో అనుమతి ఉంది. కాబట్టి తోటలు, పశువుల పాకలు ఉన్నవారిని ముందుగా వెదకటం ఉభయులకూ మేలు.

దప్పికతో ఉన్న కుక్కకు నీళ్ళు తాగించిన మనిషిని అల్లాహ్ క్షమించాడు. ఆ కుక్కను అతడు బంధించలేదు. అతడు చేసింది ఉపకారం. తానే బంధించినవాడు పెట్టే తిండి, నీళ్ళు ఉపకారం కిందికి రావు. అవి అతడు తీర్చవలసిన ఋణం.