షిఫ్టు మారే పది నిమిషాలే కీలకం
కర్మాగారాల్లో రోజువారీ నిర్వహణ పటిష్ఠమైతేనే భద్రత

విశాఖపట్నం: రసాయన కర్మాగారాల్లో ప్రమాదాలు హఠాత్తుగా జరిగినట్లు కనిపించినా, వాటి సూచనలు చాలా సందర్భాల్లో ముందే వెలువడుతుంటాయి. లాగ్ పుస్తకంలో అంకెలు నింపడంతో సరిపెట్టక, తేడా కనిపించిన షిఫ్టులోనే దాన్ని ఒకరికి అప్పగించడం రోజువారీ నిర్వహణలో ముఖ్యాంశం.

2020 మే 7న తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. లాక్‌డౌన్‌తో ఉత్పత్తి నిలిచినా ట్యాంకులో స్టైరీన్ నిల్వ ఉంది. ఉష్ణోగ్రతను ట్యాంకు అడుగున మాత్రమే కొలవడంతో పైభాగంలో పెరిగిన వేడి తెలియలేదని, పాలిమర్ శాతం పెరుగుతున్నా హెచ్చరికగా భావించలేదని ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది.

ఏం కొలవాలి?
ప్రతి యంత్రానికీ, ట్యాంకుకూ చూడాల్సిన కొలతలు, వాటి గరిష్ఠ, కనిష్ఠ పరిమితులు లాగ్ షీటులోనే ముద్రించి ఉండాలి. పరిమితి దాటకపోయినా, అంకె వరుసగా పెరుగుతుంటే దాన్నీ లోపంగానే పరిగణించాలి. ఉత్పత్తి నిలిచిన రోజుల్లోనూ ఈ తనిఖీ ఆగకూడదు.

అప్పగింతలో జాగ్రత్త
ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదికపై 1988 జులై 6న జరిగిన పేలుళ్లలో 167 మంది మరణించారు. మరమ్మతు కోసం ఒక పంపు భద్రతా వాల్వును తొలగించిన సంగతి రాత్రి షిఫ్టు సిబ్బందికి చేరలేదు. అందుకే దిగే ఇన్‌ఛార్జి, ఎక్కే ఇన్‌ఛార్జి కలిసి యంత్రాల వద్దకు వెళ్లి, అసంపూర్తి పనులు చూసుకుని ఇద్దరూ సంతకాలు చేయాలి.

బోర్డు వద్ద సమావేశం
షిఫ్టు ప్రారంభంలో ఉత్పత్తి, నాణ్యత, మరమ్మతు విభాగాల వారు బోర్డు వద్ద నిలబడి పది నిమిషాలు చర్చించుకోవాలి. భద్రతాంశం మొదట, ఉత్పత్తి లెక్కలు తర్వాత రావాలి. ప్రతి లోపం ఎదుటా బాధ్యుడి పేరు, గడువు రాయాలి. షిఫ్టు స్థాయిలో తేలనిది అదే రోజు మేనేజరుకు, అక్కడా తేలకపోతే యాజమాన్యానికి చేరాలి.

బోర్డుపై నెలల తరబడి ఒక్క ఎర్ర గుర్తూ లేకపోతే అంతా సవ్యంగా ఉందని అనుకోరాదు. లోపం చెప్పిన కార్మికుడికి మందలింపు ఎదురైతే మర్నాటి నుంచి లాగ్ షీటులో మంచి అంకెలే కనిపిస్తాయి. అలాంటి చోట ఎన్ని రిజిస్టర్లున్నా ప్రయోజనం ఉండదు.