మనస్సాక్షి బాధను కొలుచుట ఎట్లు?

పాదరసము వేడికి వ్యాకోచించును గనుక జ్వరమును కొలువగలుగుచున్నాము. మరి నర్సు మనస్సులోని బాధను దేనితో కొలువవలెను?

2020 జూలైలో హైదరాబాదు పాతబస్తీ ముంగిట, మూసీ ఒడ్డుననున్న ఉస్మానియా ఆసుపత్రి పాతభవనపు వార్డులలోనికి వాననీరు చొచ్చి, రోగులను వేరొకచోటికి తరలింపవలసివచ్చినది. అట్టి సమయమున నర్సుకు తన విధి తెలియకపోదు. చేయుటకే వీలు చిక్కదు. ఏది మంచిదో తేలక తికమకపడుట వేరు, తెలిసియు చేయలేకపోవుట వేరు. ఈ రెండవదానిని 1984లో ఆండ్రూ జేమ్టన్ అను అమెరికా తత్త్వవేత్త వేరుచేసి చూపి, దానికొక పేరిడెను. తెలుగులో నైతిక వేదన అనవచ్చును. దీనికి వరదలే రానక్కరలేదు. బోధనాసుపత్రులలో మూడు పడకలకొక నర్సు ఉండవలెనని భారత నర్సింగ్ మండలి ప్రమాణము. పడకలు అంతకు మించినచోట, ఒకరికి ఇంజెక్షను ఇచ్చుచుండగా మరియిద్దరు పిలుతురు.

కొలుచు సాధనము ఒక ప్రశ్నపత్రమే. 2001లో మేరీ కార్లీ బృందము 32 అంశములతో దానిని ప్రకటించెను. 2012లో హామ్రిక్ బృందము వానిని 21కి కుదించెను. ఆశ లేదని తెలిసియు రోగికి చికిత్స సాగించుట, చాలినంత సిబ్బంది లేకుండ పనిచేయుట వంటివి ఆ అంశములు. ప్రతిదానికి రెండు అంకెలు వేయవలెను: ఎంత తరచుగా జరుగును, ఎంత బాధించును. రెండును 0 నుండి 4 వరకు. పిమ్మట వానిని గుణింతురు. ఒక అంశమునకు గరిష్ఠము 16, మొత్తము 336.

కూడక గుణించుట ఏల? ఎంత ఘోరమైనదైనను ఎన్నడును ఎదురుకాని సంఘటన వేదన కాజాలదు. కూడినచో దానికి 4 వచ్చును, గుణించినచో 0. యుక్తి బాగున్నది గాని లోపము లేకపోలేదు. ఎప్పుడో ఒకసారి తగిలిన పెద్దదెబ్బకు (1×4), నిత్యము గుచ్చుకొను చిన్నముల్లునకు (4×1) ఒకే మార్కు పడును! కావున మొత్తమును మాత్రమే చూచి తీర్పు చెప్పరాదు. ఏ అంశమునకు ఎంత వచ్చెనో చూడవలెను. సిబ్బంది కొరతకే అందరును 12, 16 వేసినచో మందు ఎచ్చట వేయవలెనో తెలియును.

అమెరికా ప్రశ్నలను ఇచ్చటికి ఉన్నవున్నట్లు తెచ్చుట తగదు. తెలుగులోనికి ఒకరు మార్చినదానిని, మూలము చూడని వేరొకరు తిరిగి ఆంగ్లములోనికి మార్చి, రెండింటిని సరిపోల్చవలెను. రోగికి జబ్బు సంగతి చెప్పవద్దమ్మా అని బంధువులు బ్రతిమాలుట వంటి మన సంఘటనలను చేర్చవలెను. కాగితములపై పేర్లుండరాదు; వానిని పై అధికారియే సేకరించినచో నిజము వ్రాయువారు తక్కువ.

తక్కువ మార్కులనుగూడ అనుమానింపవలెను. బాధ లేకపోయి ఉండవచ్చును, మనస్సు మొద్దుబారియు ఉండవచ్చును. ఇక భరింపలేక వెడలిపోయినవారి కాగితము ఆ కట్టలో ఉండనే ఉండదు. అందుచేతనే హామ్రిక్ పత్రము చివర, ఈ కారణమున ఉద్యోగము ఎన్నడైన విడిచితిరా, విడువదలచితిరా అని విడిగా అడుగుదురు.